నది ఒడ్డున ఆగిపోయిన సిపాయి

మొన్న మా మనవరాలు కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు సంచెడు మోసుకొచ్చి నా మంచం మీద కుమ్మరించింది. "అమ్మమ్మా, ఇందులో నీ కాలంవి ఉన్నయేమో చూడు" అంది. నా కాలమంటే దాని లెక్కలో రాజులు, గుర్రాలు, నేను అందరం ఒక్కటే. దుమ్ము దులిపి ఒక్కొక్కటే పక్కన పెడుతుంటే అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం చేతికొచ్చింది. మధ్యలో తెరిచాను. ఒక సిపాయి కోటగోడ నీడన కూర్చుని, ఉన్న ఒక్క జొన్నరొట్టెను విరిచి, పెద్ద ముక్క గుర్రానికి పెట్టి చిన్న ముక్క తాను తింటున్నాడు.

"అయ్యో, వీడు మావాడే!" అని అరిచాను. వంటింట్లో ఉన్న మా అమ్మాయి ఎవరో చుట్టాలొచ్చారనుకుని చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

చుట్టమే మరి. నాకు పదకొండేళ్లప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో ఉండి, చెప్పకుండా మాయమైన చుట్టం. గబగబా చివరికి తిప్పి చూశాను. ఆఖరి పేజీలున్నాయి! అన్నీ ఉన్నాయి. చదవబోయి పుస్తకం మూసేశాను. ఒక్కదాన్నే చదువుకుంటే ఆ పాపం ఊరికే పోదు. మా అత్త ఇంకా బతికే ఉంది.

మా ఊరు రామన్నపేటకు దగ్గర్లోనే. ఊళ్లో మాది నేతపని వాళ్ల వాడకట్టు. ఇంటికొక గుంత మగ్గం, కొన్ని ఇళ్లలో రెండు. మా నాయిన పట్టు చీరలు నేసేవాడు. మా నాయినకు అక్క, నాకు మేనత్త, చిన్నతనంలోనే పెనిమిటి పోయి పుట్టింటికి వచ్చి, మా ఇంట్లో ఆసు పోసేది.

ఆసు అంటే చెప్పాలి, ఇప్పటివాళ్లకు తెలియదు. నేలమీద ఒక చెక్క చట్రం. ఒక చివర ఒకే ఒక మేకు. రెండో చివర అర్ధచంద్రంలా వరసగా కొయ్య మేకులు. ఆసు పోసే మనిషి చట్రం ముందు కూర్చుని, పట్టుపోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చెయ్యి చాస్తూనే ఉండాలి. ఒక చీరకు వేలసార్లు. అలా పోసిన పోగునే తర్వాత అక్కడక్కడా రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగుల్లో ముంచుతారు. కట్టినచోట రంగు అంటదు. మగ్గం మీద నేసేటప్పుడు ఆ అంటనిచోటే పువ్వో, చిలుకో, ఏనుగో అయి లేస్తుంది. ఆసులో ఒక్క మేకు దాటేస్తే మగ్గం మీద ఏనుగుకు కాలు పోతుంది.

మా అత్త భుజం ఆ ఆసు కిందే అరిగిపోయింది. పొద్దుగూకేసరికి జుట్టు ముడివేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. మా అవ్వ ఆముదం వెచ్చబెట్టి రుద్దుతుంటే ఇల్లంతా ఆముదం వాసన, దానిమీద రంగుల కాగు వాసన, దానిమీద కాలిన రబ్బరు లాంటి వాసన.

ఆ రబ్బరు తెచ్చేవాడు సైకిల్ చాచా. రామన్నపేటలో సైకిల్ రిపేరు దుకాణం ఆయనది. పాత ట్యూబులు పీలికలుగా కోసి, వారానికోసారి మా వాడకట్టుకు తెచ్చి ఇచ్చేవాడు. సైకిలు హ్యాండిల్‌కు నల్లటి ట్యూబులు దండల్లా వేలాడేవి. వెనక క్యారియర్ మీద ఒక రేకు పెట్టె, అందులో కిరాయికి ఇచ్చే పుస్తకాలు. తమాషా ఏమిటంటే ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. తెలుగు పుస్తకాలను బొమ్మను బట్టి, బరువును బట్టి పంచేవాడు. "గిది లావుగున్నది బేటీ, సెలవులన్ని గడుస్తయ్" అని ఆ ఎండాకాలం నాకొక అట్టలేని పుస్తకం ఇచ్చాడు. పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. మా ఇంట్లో దాని పేరు సిపాయి పుస్తకం, అంతే.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక అత్త ఆసు ముందు కూర్చునేది. అవ్వ రాట్నం ముందు కండెలు చుట్టేది. అమ్మ రబ్బరు కట్లు కట్టేది. నేను గడపలో వెలుతురు పడేచోట కూర్చుని, వరస తప్పకుండా అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివేదాన్ని. లోపలి అర్రలో నాయిన మగ్గం టకటకమని ఆడుతూ ఉండేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ కండెలు పట్టుకుని మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. ముంజలు తెచ్చేవాళ్లు కొందరు, వేయించిన పల్లీలు తెచ్చేవాళ్లు కొందరు. నాకు మొదటి ముంజ. చదివే నోరు ఎండకూడదని మా అవ్వ చేసిన చట్టం అది.

ఆ చదువుకు పద్ధతులుండేవి. రాజకుమారి కళ్లు, ముక్కు, నడుము వర్ణన రెండు పేజీలు వస్తే అవ్వ చెయ్యి ఊపేది. "గా సోకులు దాటెయ్ బిడ్డ. గుర్రం నీళ్లు తాగిందా లేదా, గది జూడు" అనేది. యుద్ధం వస్తే అత్త చెయ్యి తనంతట తానే జోరందుకునేది. సిపాయి గుర్రమెక్కితే ఆసు కూడా దౌడు తీసేది. తల్లిని తలుచుకుని ఏడిస్తే పోగు నత్తలా పాకేది. ఈ మర్మం నాయిన కనిపెట్టాడు. ఒకరోజు లోపలి నుంచి కేక వేశాడు. "ఏమే పోరీ, షావుకారు చీర తొందర పెడుతున్నడు. ఏడ్పులు రేపు సదువుదువు గాని, ఇయ్యాల యుద్ధం సదువు!"

యుద్ధం చదివితే నాకూ కాలు నిలిచేది కాదు. తువ్వాలును పాగాలా చుట్టుకుని, మగ్గం మీద పోగు మోసే నాడెను కత్తిలా పట్టుకుని గుంజకు కట్టిన మేకపిల్ల మీదికి దండెత్తాను ఒకసారి. నాడె మాకు దేవుడితో సమానం. అమ్మ వీపు మీద ఇచ్చిన దెబ్బ శత్రువులెవరూ సిపాయికి ఇచ్చి ఉండరు.

కత్తి పట్టిన మనిషిని మా వాడకట్టులో ఎవరూ చూడలేదు. అయినా వాడంటే అందరికీ అంత ప్రాణం ఎందుకో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. వాడు రాజుకొడుకు కాదు. చెప్పు తెగితే తనే కుట్టుకునేవాడు. చేయనన్నది సేనాపతి చెప్పినా చేసేవాడు కాదు. ఒకచోట శత్రుసైన్యంలో గాయపడినవాళ్లు దాహంతో బావి దగ్గర పడి ఉంటారు. చంపెయ్యమని సేనాపతి హుకుం. మన సిపాయి కత్తి కింద పెట్టి, చేద వేసి, ఒక్కొక్కరికీ నీళ్లు పోస్తాడు. అది చదివిన రోజు రాట్నం ఆగింది, ఆసు ఆగింది. లోపల మగ్గం కూడా ఆగింది. నాయిన పోగు అతుకుతున్నాడనుకున్నాను.

నా నేరం జరిగింది ఆ మర్నాడే.

అత్త భుజం పట్టేసింది. చుట్టూ ఎవరూ లేరు. పిల్లలు ఆసు ముట్టకూడదని మా ఇంట్లో కట్టడి. అయినా నేను బతిమాలితే "జరసేపే, మేకులు లెక్కవెట్టుకుంట పొయ్యి" అని అత్త గోడకు ఒరిగింది. అరగంట పోశాను. చెయ్యి మేకుల మీద ఉంది, మనసు మాత్రం ఆ బావి దగ్గరే ఉంది. సిపాయి చేద లాగుతున్నాడు, నేను పోగు లాగుతున్నాను. చివరి మేకు దాకా పోకుండానే ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో నాకే తెలియదు. అత్తకు కునుకు పట్టింది, ఆమెకూ తెలియలేదు.

మూడు వారాలకు ఆ పోగు మగ్గమెక్కింది. ఒకరోజు పొద్దున నాయిన లోపలి నుంచి గట్టిగా పిలిచాడు. వెళ్లి చూస్తే కుంకుమరంగు పట్టు మీద తెల్లచిలుకలు బారులు తీరి ఉన్నాయి. రెక్కలు బాగున్నాయి, తోకలు బాగున్నాయి. ఒక్కదానికీ ముక్కు లేదు.

"గిదేందక్కా? గిట్ల ఎన్నడన్న జేసినవా?" అన్నాడు నాయిన. అత్త చీర వంక చూసింది, తర్వాత నా వంక చూసింది, తర్వాత నేల చూపులు చూసింది. "మేకు దప్పినట్టున్నది తమ్మీ" అంది.

"దప్పదా మరి! కత మీద పానం వెట్టుకుని ఆసు పోస్తె దప్పదా? షావుకారుకు ఏం మొకం సూపియ్యాలె? నా శేతుల ఇన్నేండ్లల్ల తప్పు వడ్డ చీర లేదు. ఇగ ఈ ఇంట్ల పుస్తకం తెరిస్తె మంచిగుండదు, జెప్తున్న!"

అత్త పోయి మళ్లీ ఆసు ముందు కూర్చుంది. నన్నెవరూ అడగలేదు. అడగనిదే చెప్పడమెందుకని నేను గోడకు బల్లిలా అంటుకుపోయాను. ఆ రోజు అత్త మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. తమ్ముడి ఇంట్లో ఉండే ఆడమనిషికి తన పనే గౌరవం. ఆ గౌరవం నావల్ల పోయిందని పదకొండేళ్ల వయసులో కూడా నాకు అర్థమైంది.

మధ్యాహ్నం నాయిన పట్టుపోగు కోసం రామన్నపేట పోయాడు. ఆయన సైకిలు మూల మలిగిందో లేదో ఆడవాళ్లంతా చేరారు. "జల్ది సదువే, మీ నాయిన వచ్చేలోగ ఒడగొట్టు. కొన్నే పేజీలున్నయ్ గద" అన్నారు.

కథ ఆఖరి మలుపులో ఉంది. సిపాయి శత్రువులకు చిక్కాడు. ఉరి వేస్తారు. చివరిసారి తల్లిని చూసి వస్తానంటే శత్రురాజు పదిరోజులు గడువిచ్చాడు. వస్తానని వీడు మాటిచ్చాడు. తల్లిని చూశాడు, తిరుగు ప్రయాణమయ్యాడు. పదోరోజు పొద్దు వాలుతుండగా నది దగ్గరికి వచ్చాడు. నది గట్లు తెంచుకుని పారుతోంది. పడవవాడు అన్నాడు, "వెనక్కి పో నాయనా, ఈ నదిని చూసి దేవుడు కూడా నిన్ను తప్పు పట్టడు." సిపాయి గుర్రం కళ్లెం పట్టుకుని నీళ్లవంక చూశాడు...

పేజీ తిప్పాను. ఏమీ లేదు. కుట్టు దగ్గర చినిగిన అంచులు మాత్రం పళ్లలా మిగిలాయి.

అందరి చేతులూ ఆగాయి. ముఖాలన్నీ నావైపే. పేజీలు లేవంటే అందరూ ఏమైపోతారో అనిపించింది. పైగా వాడు చావడం నాకు ఇష్టం లేదు. వేలు ఒకేచోట పెట్టుకుని, పుస్తకం చదువుతున్నట్టే గొంతు పెట్టి అల్లుకుపోయాను. సిపాయి పడవవాడి మాట విన్నాడు. ఇంటికి తిరిగిపోయాడు. తర్వాత పెద్ద సర్దారయ్యాడు. పెళ్లి చేసుకున్నాడు. తల్లికి బంగారు కడియాలు చేయించాడు...

"ఆగు" అంది అవ్వ.

రాట్నం ఆపి నావంక చూసింది. "నీ ఏలు కదుల్తలేదు బిడ్డా. నువ్వు అబద్ధం సదువుతున్నవ్."

పేజీలు లేవని చెప్పాను. వాకిలంతా గోలెత్తింది. "మరి గట్లనే అయ్యుంటదేమో, తల్లికి ఒక్కడే కొడుకాయె" అంది పక్కింటామె.

"కాదు. వాడు గట్ల జెయ్యడు" అంది అవ్వ. "నది అడ్డమొచ్చిందని ఎవడన్న అంటడు. నిన్నెవ్వరు అడగరు పో అన్నా గూడ పొయ్యి నిలవడెటోడే సిపాయి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. సిపాయి కోసమే ఏడుస్తున్నానని అందరూ నన్ను దగ్గరికి తీసుకుని ముంజలు పెట్టారు. తింటూనే ఏడ్చాను.

సాయంత్రం నాయిన వచ్చి మగ్గం గుంతలో కూర్చున్నాక వెళ్లి ఎదుట నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను, పట్టుబడిన సిపాయిలాగే. "నాయినా, గా ఆసు అత్త పొయ్యలే. నేను పోసిన. చివరి మేకు నేనే దాటేసిన."

నాయిన నాడె పక్కన పెట్టాడు. అత్త గడపలోకి వచ్చి "పోరగాండ్ల మాట ఇనకు తమ్మీ, నేనే..." అనబోయింది. నాయిన చెయ్యెత్తి ఆపాడు. నావంక చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

"ఏం సోంచాయించుకుంట పోసినవే మేకు దప్పేటట్టు?"

"బాయి కాడ... శత్రువులకు నీళ్లు పోసింది."

నాయిన మీసాల కింద ఏదో కదిలింది. "గది ఇంటుంటె నా మగ్గం గూడ ఆగింది తియ్యి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అది గాదు గని, వాడు నది దాటిండా లేదా?"

"పేజీలు లేవు నాయినా."

"లేవా?" చిలుకల ముక్కులు పోయినప్పుడు కూడా ఆయన ముఖం అంత పడిపోలేదు. "రేపు గా చాచాను రానియ్, సంగతి జెప్త!"

చాచా వచ్చిన రోజు వాడకట్టంతా ఆయన సైకిలును చుట్టుముట్టింది. పాపం ఆ పేజీలు ఎప్పుడు పోయాయో ఆయనకూ తెలియదు. కథ ఏమిటో కూడా తెలియదు. నేనే కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. ట్యూబుల పీలికలు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కదలకుండా విన్నాడు. నది దగ్గర ఆపి, "ఏం జేసుంటడు చాచా?" అన్నాను.

"జబాన్ ఇచ్చిండు గద బేటీ" అన్నాడు చాచా, ఇందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు. "జబాన్ ఇచ్చినంక నది ఎట్ల అడ్డమొస్తది?"

అంతే, తీర్పు అయిపోయింది. ఇక ఎలా దాటించాలన్నదే మిగిలింది. మా వాగులో ఇసుక తప్ప నీళ్లు ఎరగనివాళ్లం, నది ఈదడమెట్లాగో వాకిట్లో నాలుగు రోజులు వాదించాం. నాయిన బాయి ఈత లెక్కన చెప్పాడు. అమ్మ గుర్రం తోక పట్టుకోమంది. చివరికి గుర్రం పక్కనే ఈదించి, పొద్దుగూకే వేళకు అవతలి గట్టు ఎక్కించాం. శత్రురాజు కళ్లనీళ్లు పెట్టుకుని ఉరి రద్దు చేశాడు. వెంటనే సన్మానమని అత్త అంటే అవ్వ ఒప్పుకోలేదు. "ముందుగాల తడి బట్టలిప్పి అన్నం వెట్టున్రి. గుర్రానికి గడ్డి ఎయ్యున్రి. తర్వాత సన్మానం" అంది. అలాగే చేశాం.

ముక్కుల్లేని చిలుకల చీరను నాయిన తానే షావుకారు ముందు విప్పి, అతను కనిపెట్టకముందే "గీడ తప్పు వడ్డది" అని వేలు పెట్టి చూపించాడట. షావుకారు తీసుకోలేదు. నాయిన ఆ చీర తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. అన్నేళ్లు పట్టుపోగు పోసిన మా అత్త పట్టుచీర కట్టడం అదే మొదటిసారి. నకిరేకల్లో ఒక పెళ్లికి కట్టుకుపోతే చిలుకలకు ముక్కులేవని అందరూ అడిగారు. "మా మేనకోడలికి సదువు జాస్తి, చిలుకలకు ముక్కులు కమ్మి" అని చెప్పి అత్త పడిపడి నవ్వింది.

అవ్వ పోయింది, అమ్మానాయిన పోయారు, చాచా దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కొత్త రాష్ట్రం వచ్చాక మా ఊరు యాదాద్రి జిల్లాలోకి పోయింది. అత్త మాత్రం ఎవరడిగినా నల్గొండ జిల్లా అనే చెబుతుంది.

మొన్నటి ఆదివారం పుస్తకం తీసుకుని వెళ్లాను. మా తమ్ముడి కొడుకు ఇంట్లో ఆసు ఇప్పుడు మిషనే పోస్తోంది. మీట నొక్కితే చాలు, తప్పకుండా ఒక్కో మేకుకూ తిరుగుతోంది. దాని పక్కనే కుర్చీలో అత్త, కంటి ఆపరేషనయినా చూపు సరిగా ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. చేతిలో పుస్తకం పెడితే తడిమి చూసి, "సిపాయా?" అంది.

మిషన్ ఆపించి చదివాను. నది, పడవవాడు, పొద్దు. పేజీ తిప్పాను. సిపాయి పడవవాడి మాట విన్నాడు. ఇంటికి తిరిగిపోయాడు. కొన్నాళ్లకు శత్రురాజు తనంతట తానే చనిపోయాడు. సిపాయి సర్దారయ్యాడు...

నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. పదకొండేళ్ల వయసులో నేను అల్లిన అబద్ధం, ఒక్క బంగారు కడియాలు తప్ప, అచ్చయి నా ముందుంది.

"ఆగు" అంది అత్త, అచ్చంగా అవ్వలాగే. "మల్ల అబద్ధం సదువుతున్నవ్."

"లేదత్తా, ఏలు వెట్టే సదువుతున్న. సూడు." ఆమె చెయ్యి పట్టి నా వేలి మీద పెట్టి రెండు వరసలు చదివాను. వేలు కదులుతుంటే ఆమె చెయ్యి కూడా దానితో పాటే కదిలింది.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే గా రాసినోడే అబద్ధం రాసిండు" అంది. "వాడు రెండు నెలలు మనింట్ల ఉన్నడు. వాని సంగతి మనకు తెల్వదా? చింపెయ్ గా కాయితాలు."

ఇంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, పుస్తకం పేజీ మడతపెడితేనే వేళ్ల మీద కొట్టినదాన్ని. ఒక్క క్షణం తటపటాయించి, నది తర్వాత ఉన్న పేజీలన్నీ కుట్టు దగ్గర పట్టుకుని చింపేశాను. నేల సరిగా లేక ఊగే ఆసు మిషన్ కాలి కింద మడిచి పెడితే సరిగ్గా కుదిరాయి.

పుస్తకం మూసి అంచు తడిమి చూశాను. చినిగిన కాగితాలు పళ్లలా తగిలాయి. ఆనాడు చాచా పుస్తకంలో ఆఖరి పేజీలు ఎలాంటివాళ్లు చింపారో, ఎందుకు చింపారో, ఇన్నేళ్లకు నాకు తెలిసింది.